ఇంజను కొన్నంతమాత్రమున బండి నడవదు

మిరపకోతలు ముగియవచ్చినవనిన మన ఈపూరు ప్రాంతపు రైతుల చూపంతయు గుంటూరు యార్డు మీదనే యుండును. సరకు తోలుటకు బండి కావలయును. క్రొత్త పికప్ బండి ధర విని వెనుకకు తగ్గినవారు, ఉన్న పాత బండికే వేఱొక ఇంజను వేయించి మఱి నాలుగేండ్లు నడుపుకొందమని తలచుచున్నారు. ఈ తలంపును మేము తప్పుపట్టము. ఛాసిస్ గట్టిగా నున్న బండిని తుక్కు క్రింద తూచి యిచ్చుట రైతునకు మనసొప్పని పని. దేశమున నిది క్రొత్తయు గాదు. 1973వ సంవత్సరమున చమురు ధరలు పెరిగిన పిమ్మట ఎన్నో పెట్రోలు జీపులు డీసెలు ఇంజనులు తగిలించుకొని దశాబ్దముల తరబడి తిరిగినవి.

మా యభ్యంతరము లెక్క విషయమున. ఇటీవల సభ్యు డొకరు ఇంజను మార్పిడి కొఱకు వ్రాసికొన్న ఖర్చుల చీటీని మాకు చూపిరి. అందులో ఇంజను ధర యున్నది, విజయవాడ ఆటోనగరునకు పోయివచ్చు ఖర్చున్నది, మెకానిక్కు కూలి యున్నది, తుదకు దిష్టి తీయు గుమ్మడికాయ కూడ నున్నది. రేడియేటరు లేదు. ఇంజనును ఛాసిస్ మీద మోయు మౌంటింగులు, మన మెకానిక్కులు ఫౌండేషను రబ్బర్లనునవి, అవియు లేవు. అడుగగా, “పాత రేడియేటరే యున్నది గదండీ, ఫౌండేషను వారే వెల్డింగు పెట్టి చూచుకొందురు” అని బదులు వచ్చినది. ఈ మాట మాకు క్రొత్త గాదు. గత వేసవిలో ఇట్లే సిద్ధమైన బండి యొకటి నలుబది టిక్కీల మిరపకాయలతో బయలుదేరి, నరసరావుపేట దాటిన పిమ్మట సాతులూరు వద్ద రోడ్డుప్రక్కన నిలిచిపోయినది. ఎదుట గేదె అడ్డము రాగా డ్రైవరు బ్రేకు త్రొక్కెను. ముందువైపు రబ్బరు తెగి ఇంజను ముందునకు జరిగెను. ఇంజనుతోపాటు తిరుగు ఫ్యాను రెక్కలు రేడియేటరును కోసివేసినవి. సరకును వేఱొక బండి కెక్కించి చేర్చునప్పటికి ఆనాటి బేరములు ముగిసినవి. రబ్బరు వెల కొలదిపాటిది. అది తెగి రేడియేటరును, ఒకనాటి బేరమును తీసికొనిపోయినది.

తప్పు మెకానిక్కుదని పలువు రనిరి. మేమంత సులువుగా ననజాలము. ఆ పనికి తగిన కూలి యీయక, “ఎట్లో యొకట్లు కూర్చోబెట్టుము” అని బేరమాడినది మనమే.

రేడియేటరు సంగతి మొదట చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున, లీటరుకు 10 కిలోమీటర్ల చొప్పున పోవు బండి గంటకు 6 లీటర్ల డీసెలు కాల్చును. ఆ వేడిలో సుమారు మూడవ వంతు బండిని నడపును. ఇంచుమించు మఱియొక వంతు పొగగొట్టము గుండ పోవును. మిగిలినదానిలో చాలభాగము నీటిలో చేరును. రేడియేటరు ఆ వేడిని గాలికి విడువనిచో పది లీటర్ల నీరు మూడు నిమిషములలో మరగును. ఇక మన యెండలు. రెంటచింతల యెండ లోకమెఱిగినదే. ఈపూరు దానికి మిక్కిలి తీసిపోదు. నీరు 90 డిగ్రీలలో నుండగా గాలి 25 డిగ్రీలైనచో తేడా 65; గాలి 45 డిగ్రీలైనచో తేడా 45 మాత్రమే. అనగా అదే రేడియేటరు చల్లార్చు శక్తిలో దాదాపు మూడవ వంతును ఎండ తినివేయుచున్నది. చిన్న ఇంజనునకు సరిపోయిన రేడియేటరు పౌషమాసములో పెద్ద ఇంజనుతో నెట్టుకొని రావచ్చును. మిరప తోలునది మాత్రము చైత్ర వైశాఖములలో.

కావున ఇంజనును ఒంటిగా కొనవలదని మా సలహా. ఏ బండినుండి తీసిరో ఆ బండి రేడియేటరును, ఫ్యానును, ఫ్యాను చుట్టునుండు తొడుగును, గొట్టములను, మౌంటింగు బ్రాకెట్లను ఒక్క బేరముగా తెచ్చుకొనుడు. వీనిలో తొడుగును చాలమంది పారవేయుదురు, కొలతకు రాలేదని. అది లేనిచో ఫ్యాను చుట్టుప్రక్కల గాలినే త్రిప్పుకొనుచుండును గాని రేడియేటరు గుండ లాగదు. బాటమీద వేగముగా పోవునప్పుడు ఈ లోపము తెలియదు. యార్డు గేటు ముందు వరుసలో ఇంజను ఆడుచు గంటసేపు నిలుచునప్పుడు తెలియును. రేడియేటరు నీరుపోయు మూతి ఇంజనుకంటె ఎత్తున నుండవలయును; అట్లు కుదరనిచో ఎత్తున వేఱు తొట్టి పెట్టవలయును. లేకున్న గాలి బుడగ లోపల నిలిచి, మూత తీసి చూచిన నిండుగనే కనబడును, ఇంజను తల మాత్రము కాలిపోవుచుండును. మూత బిగువును ముఖ్యమే: 0.9 బారు ఒత్తిడి నిలుపు మూత యున్నచో నీరు 118 డిగ్రీల దాక మరుగదు. అరిగిన మూతతో 100కే పొంగును. వేడిగా నున్న మూతను తీయరాదని చెప్పనక్కఱలేదు, అయినను ఏటేట చేతులు కాల్చుకొనువారున్నారు.

నీటిని గూర్చి యొక మాట. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ఱాయినిచ్చు నేల మనది. అట్టి నేలలోని బోరునీటిని రేడియేటరులో పోసినచో, ఇంటిలో నీళ్లు కాచు గిన్నెకు పట్టు తెల్లని పెచ్చే సన్నని గొట్టములలో పట్టును. కూలెంటు మనకు గడ్డకట్టు భయమునకు గాదు, తుప్పును ఆపుటకు. శుద్ధజలముతో కలిపి పోయవలయును.

ఇక ఫౌండేషను. గేర్‌బాక్సుతో కూడిన నాలుగు సిలిండర్ల డీసెలు ఇంజను రెండువందల కిలోలకు పైమాటే. ఆ బరువును మోయుట రబ్బర్ల పనిలో సగము మాత్రమే. మొదటి గేరులో ఇంజను త్రిప్పు బలము సుమారు నాలుగు రెట్లగును. ఆ విసురునకు ఇంజను ప్రక్కకు పొరలకుండ పట్టియుంచునవియు అవే. పొలము డొంకలో చక్రము గుంటలో దిగినప్పుడు ఛాసిస్ మెలిదిరుగును. ముందు రెండు, గేర్‌బాక్సు క్రింద నొకటి, ఇట్లు ముక్కాలి పీటవలె నిలిపినచో ఆ మెలిక ఇంజనునకు సోకదు. రబ్బరు లేకుండ ఇనుమును ఇనుముతో బిగించిన బండిని మేము చూచితిమి. కొన్ని నెలలకే బ్రాకెట్టు చీలినది. ఛాసిస్ కమ్మీ పైయంచును, క్రిందియంచును రంధ్రములు చేయరాదు, అడ్డుకమ్మీని కోయరాదు. ప్రక్కగోడకు పలక నానించి బోల్టులతో బిగించుట మేలు. పొగగొట్టము రబ్బరునకు దగ్గఱగా పోరాదు. ఫ్యానునకు రేడియేటరునకు నడుమ కనీసము అంగుళము సందు విడువవలయును. రేడియేటరును సయితము రబ్బరు మీదనే కూర్చోబెట్టవలయును, లేనిచో మెలికకు దాని అతుకులు విడును. ఇంజను కదలును, రేడియేటరు కదలదు. కావున నడుమ గొట్టము వంగునదై యుండవలయును. మఱచునది మఱియొకటి: రబ్బర్ల మీద కూర్చున్న ఇంజనునకు ఛాసిస్‌తో లావుపాటి ఎర్తు తీగ కలుపవలయును. లేకున్న స్టార్టరు కరెంటు క్లచ్చి కేబులు గుండ దారి వెదకికొనును.

చట్టమును చూడక తప్పదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను క్రింద ఇంజను మార్పునకు రిజిస్టరు చేయు అధికారి అనుమతి కావలయును. క్రొత్త ఇంజను నంబరు ఆర్.సి.లో ఎక్కవలయును. ప్రమాదము జరిగిననాడు నంబరు కలియకున్న బీమా సొమ్ము తగవులో పడును. ఆ బండి కంపెనీ, ఆ రకపు ఇంజనునే కోరుకొన్నచో అనుమతియు సులువు, మౌంటింగుల బాధయు తక్కువ. కంపెనీవారిచ్చిన రంధ్రములలోనే బోల్టులు దిగును. పెద్ద ఇంజను మోజు మనకేల? నలుబది టిక్కీలు మోయు బండికి రెట్టింపు బలము వచ్చినంత మాత్రమున బ్రేకులు, కమాను కట్టలు రెట్టింపు కావు.

మన సంఘమువారికి మా మనవి యొక్కటే. బండి మరమ్మతునకు అప్పు కోరు సభ్యుని చీటీలో రేడియేటరు, మౌంటింగులు వేఱువేఱు పద్దులుగా నుండవలయునని అడుగుడు. అవి చేరినచో మొత్తము పెరుగునని, సభ్యుడు కష్టపెట్టుకొనునని కొందఱు డైరెక్టర్లందురు. పెరుగును. అయినను సాతులూరు రోడ్డుప్రక్కన నిలిచిన బండిపై బాకీ వసూలు ఎట్లగునో వారే చెప్పవలయును. సభ్యులును మెకానిక్కునకు కూలి తుదివాయిదాను చేతనుంచుకొని, నిండు బరువుతో మిట్టమధ్యాహ్నము వినుకొండ దాక పోయివచ్చి, ఇంటిముందు అరగంట ఇంజను ఆడనిచ్చి, వేడి ముల్లు ఎక్కడ నిలిచినదో చూచుకొనుడు. చల్లారిన పిదప మౌంటింగు బోల్టులను మఱల బిగింపించి ఆ వాయిదా చెల్లింపుడు.