అరసవల్లి దర్శనంతోనే జిల్లా అయిపోకూడదు



2025లో రథసప్తమిని రాష్ట్ర పండుగగా ప్రకటించాక అరసవల్లి పేరు ఊరూరా వినిపిస్తోంది. శ్రీకాకుళం జిల్లా వాళ్లం, మాకు అంతకన్నా సంతోషం ఏముంటుంది? అయితే వచ్చిన భక్తుల్లో చాలామంది సూర్యనారాయణస్వామిని దర్శించుకుని, ప్రసాదం కొనుక్కుని, మధ్యాహ్నానికల్లా ఆమదాలవలస వెళ్లి రైలెక్కేస్తున్నారు. జిల్లాలో పర్యాటకం పెరగాలంటే సముద్రం ఒడ్డున రిసార్టులు కట్టాలని సభల్లో తరచూ వింటుంటాం. అంతకన్నా ముందు కావలసింది, ఉన్న క్షేత్రాలను కలుపుతూ రోజూ తిరిగే ఒక ఆర్టీసీ బస్సు, దారి పొడవునా శుభ్రమైన మరుగుదొడ్లు. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

గార మండలం ఒక్కదాన్నే తీసుకోండి. జిల్లా కేంద్రానికి 30 కిలోమీటర్ల లోపే మూడు గొప్ప చోట్లున్నాయి. మొదటిది శ్రీకూర్మం. విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే ఇలాంటి గుడి దేశంలో చాలా అరుదు. స్వామి పడమర ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. మండప స్తంభాల మీద తెలుగు శాసనాలు, గోడల మీద పాతకాలపు వర్ణచిత్రాలు ఉన్నాయి. ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లు ఆకుకూర కోసం మెడలు చాచి ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతుంటే పిల్లలు అక్కడి నుంచి కదలరు.

రెండోది శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద ఉన్న ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే. మెట్లెక్కి పైకి వెళితే ఇటుకలతో గుండ్రంగా పేర్చిన స్తూపాల పునాదులు, కింద ఇసుక మేటల మధ్య సముద్రం వైపు సాగిపోయే నది. తార, మారీచి విగ్రహాలు దొరికిన చోటు ఇది. మూడోది కళింగపట్నం. బ్రిటిష్ వారి కాలంలో ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు లైట్‌హౌస్, బీచ్, వంశధార సముద్రంలో కలిసే చోటు అక్కడ చూడొచ్చు.

వైష్ణవ క్షేత్రం, బౌద్ధారామం, పాత రేవు ఒకే మండలంలో ఉన్న జిల్లాలు ఎన్ని ఉంటాయి? అయినా అరసవల్లికి వచ్చిన వాళ్లకు ఈ సంగతి చెప్పేవారే లేరు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది మా జిల్లా పరిస్థితి.

ఊళ్లకు బస్సులు లేవని నేననడం లేదు. అవి కాలేజీ పిల్లల కోసం, కూలి పనులకూ సంతలకూ వెళ్లేవాళ్ల కోసం వేసిన బస్సులు. ఒక క్షేత్రంలో దిగిన యాత్రికుడు రెండో క్షేత్రానికి వెళ్లాలంటే మళ్లీ పట్నం రావాలి, లేదా ఆటో మాట్లాడుకోవాలి. ఒక ఆదివారం శ్రీకూర్మంలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాన్ని చూశాను. శాలిహుండం, కళింగపట్నం తిప్పి తీసుకురావడానికి ఆటో అతను అడిగిన మొత్తం విని ఇంటాయన వెనక్కి తగ్గాడు. ఆటో అతన్నీ తప్పుపట్టలేం, తిరుగు బేరం దొరకదని అతని భయం. ఈలోగా వాళ్లమ్మగారు తడి చీర మార్చుకోవడానికి చోటు కోసం గుడి చుట్టూ తిరిగి, చివరికి కోడలు అడ్డంగా దుప్పటి పట్టుకుంటే ఓ గోడ వార మార్చుకున్నారు. ఆ పెద్దావిడ ఇంటికెళ్లి మన జిల్లా గురించి ఏమని చెబుతారు?

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కార్తీక మాసంలో ఆర్టీసీ పంచారామాలకు ప్రత్యేక బస్సులు నడుపుతోంది. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, ఇన్ని వందల కిలోమీటర్లు ఒక్క రోజులో తిప్పి తీసుకొస్తోంది. అలాంటిది అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం తిప్పడం ఎంతసేపు? పొద్దున దర్శనమయ్యాక బయలుదేరితే చీకటి పడకముందే శ్రీకాకుళం కాంప్లెక్స్‌కు తిరిగి రావచ్చు.

రోజూ నడిపితే సీట్లు నిండవంటారు. నిండవేమో. అందుకే మొదట ఆదివారాలు నడపండి. అరసవల్లికి రద్దీ ఉండేది ఆ రోజే, మాఘ మాసపు ఆదివారాల్లో ఇంకా ఎక్కువ. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే రోజుల్లోనూ నడపండి. ఆ రోజుల్లో మబ్బు పట్టి కిరణాలు కనిపించక నిరాశగా వెనుదిరిగే వారికి జిల్లాలో చూడడానికి ఇంకా చాలా ఉందని ఎవరో ఒకరు చెప్పాలి కదా. టికెట్ ధర, బయలుదేరే వేళ గుడి దగ్గర తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాలతో రాయిస్తే చాలు, జనం వాళ్లంతట వాళ్లే ఎక్కుతారు.

జనం పెరిగితే చెత్త పెరుగుతుందని, సముద్ర తీరం పాడవుతుందని ఇంకొందరి భయం. దాన్ని తోసిపుచ్చలేం. చలికాలం నుంచి వేసవి మొదలయ్యేదాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడ్డున దీపాలు వెలుగుతుంటే పిల్ల తాబేళ్లు సముద్రం వైపు కాక ఆ వెలుగు వైపు పోతాయి. అందుకే రాత్రంతా దీపాలు వెలిగే రిసార్టుల కన్నా సాయంత్రానికి తిరిగి వచ్చేసే బస్సే ఈ తీరానికి మేలు. నదీ ముఖద్వారం దగ్గర నీటి లాగుడు ప్రమాదం కాబట్టి హెచ్చరిక బోర్డులు, గజ ఈతగాళ్లు మాత్రం తప్పనిసరిగా ఉండాలి.

ఈ దారి నిలదొక్కుకున్నాక రెండోది శ్రీముఖలింగం వైపు వేయొచ్చు. శ్రీకాకుళానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, వంశధార ఎడమ గట్టున, తూర్పు గాంగుల తొలి రాజధాని కళింగనగరంగా చరిత్రకారులు గుర్తించిన ఊరు అది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాల మీది శిల్పాలు చూడాలంటే ఒక పూట చాలదు. శీతాకాలంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టే తేలినీలాపురానికి మూడోది.

అసలు చిక్కు డబ్బు దగ్గర లేదు. అరసవల్లి, శ్రీకూర్మం ఆలయాలు దేవదాయ శాఖవి. శాలిహుండం, శ్రీముఖలింగం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. బీచ్ పర్యాటక శాఖది, బస్సు ఆర్టీసీది. ఎవరి గుమ్మం వరకు వాళ్లు ఊడ్చుకుంటున్నారు, మధ్యలో ఉన్న దారి ఎవరిదీ కాకుండా పోయింది. కలెక్టరుగారు ఈ నాలుగు శాఖల అధికారులనూ ఒక్కసారి కూర్చోబెట్టి బస్సు ఎవరిదో, మరుగుదొడ్ల నిర్వహణ ఎవరిదో, దుస్తులు మార్చుకునే గదుల తాళాలు ఎవరి దగ్గర ఉండాలో రాతపూర్వకంగా తేల్చాలి. వచ్చే రథసప్తమికి లక్షల్లో జనం వస్తారని ఏర్పాట్లు చేసేటప్పుడే ఈ బస్సు కూడా ఆ ఏర్పాట్లలో ఉండాలి. ఆ ఒక్క నిర్ణయం కొండ కింద కొబ్బరిబొండాలు అమ్ముకునే వాళ్లకూ, గుడి వీధిలో టిఫిన్ బండి పెట్టుకున్న వాళ్లకూ రిసార్టు కన్నా ముందే పని కల్పిస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గార మండలం, శ్రీకాకుళం జిల్లా