టీకాకును అదను కలదు

పసిబిడ్డలకు సర్కారు వారు వేయించు టీకాలకు కాసు ఖర్చు లేదు. 1985వ సంవత్సరమున సార్వత్రిక టీకా కార్యక్రమము ఆరంభమైన నాటినుండియు ఇదియే యేర్పాటు. ఖర్చు లేనిదానికి కఱవు కాలమేల అడ్డు రావలెనని సభ్యులలో కొందఱు ప్రశ్నింపవచ్చును. సూదికి వెల లేదు గాని సూది వేయించుటకు పోవు దినమునకు వెల కలదు. కూలికి పోయిననే పొయ్యి వెలుగు నింట ఆ దినపు కూలియే టీకా వెల. పంట పోయిన యేట, ధర పడిపోయిన యేట ఆ వెల మఱింత బరువగును.

టీకాలు పడినవా యని యడుగువారు కలరు; ఎప్పుడు పడినవని యడుగువారు అరుదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 12 మొదలు 23 మాసముల వయసుగల బిడ్డలలో నూటికి 76 మందికి మూలటీకాలన్నియు పడినట్లు తేలినది. 2015-16లో ఈ సంఖ్య 62. ఈ యభివృద్ధి మెచ్చదగినదే. ఐనను ఆఱవ వారమున పడవలసిన సూది ఆఱవ మాసమున పడినను ఆ లెక్కలో పడినట్లే. వ్యాధి యట్లు లెక్క వేయదు. కోరింత దగ్గు మూడు మాసములైనను నిండని శిశువులనే యెక్కువగా బలిగొనును. కావుననే మొదటి పెంటా సూది ఆఱు వారములకు నిర్ణయింపబడినది. హెపటైటిస్-బి టీకా పుట్టిన 24 గంటలలోపల పడవలయును. తల్లినుండి వచ్చిన రక్షణ తఱిగిపోవు వేళ చూచి తట్టు, రుబెల్లా టీకాను తొమ్మిది మాసములు నిండినంతనే వేయుదురు. నారు ముదిరిన పిదప నాటి నష్టపడిన రైతునకు ఈ సంగతి వేఱుగ విప్పి చెప్పనక్కఱలేదు.

మన సభ్యులలో మిరప వేయువారు పెక్కురు. కోతకాలమున కర్నూలు జిల్లా పడమటి మండలములైన ఆదోని, కోసిగి ప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములే గుంటూరు, పల్నాడు సీమలకు వలస వచ్చుచున్నవి. అచ్చట వానలు దక్కని యేట వలస యింకను హెచ్చును. డిసెంబరు మొదట పుట్టిన బిడ్డను తలంపుడు. ఆఱవ వారము జనవరి నడుమ, పదవ వారము ఫిబ్రవరి నడుమ, పదునాల్గవ వారము మార్చి నడుమ వచ్చును. మూడు మోతాదులును మన చేలగట్లమీదనే గడచిపోవును. గత జూనులో పుట్టిన బిడ్డకు తట్టు టీకా మార్చిలో రావలెను, అదియు నంతే. ఇంటివద్ద ఆశా కార్యకర్త ఆ పేరుకు ఎదురుగా ‘ఊరిలో లేరు’ అని వ్రాసికొనును. ఇచ్చటి పట్టికలో ఆ పేరే యుండదు.

బిడ్డ యే యూరిలో నున్నను టీకా వేయించుకొనవచ్చును. సొంత యూరి కార్డు చూపిన చాలును, అది లేకున్నను వెనుకకు పంపరాదు. నడుమ ఒక మోతాదు తప్పినచో మొదటినుండి మరల ఆరంభింపనక్కఱలేదు. ఆగినచోటినుండి సాగించిన చాలును. కొలదిపాటి జలుబు అడ్డంకి కాదు. ఈ మూడు సంగతులు తెలియక మఱలిపోయిన తల్లు లెందఱో.

ఒక యిబ్బందిని మాత్రము దాచనక్కఱలేదు. పెంటా సూది పిదప ఒకటి రెండు దినములు బిడ్డకు జ్వరము రావచ్చును. ఏడ్చు బిడ్డతో తల్లి మఱునాడును పనికి రాలేదు. ఆమె అజ్ఞానముచే టీకా మానుచున్నదనుట అన్యాయము. ఆమె రెండు దినముల కూలిని లెక్కించుచున్నది. గాలికుంటు టీకా వేయు దినమున మన పశువులను నిలిపి యుంచుటకు మనలో నెవ్వరును వెనుదీయరు గదా.

కావున మేము సభ్యుల యెదుట ఉంచు కోరిక చిన్నది. మన యూళ్ళలో బుధ, శనివారములలో టీకాలు వేయుచున్నారు. పసిబిడ్డ గల కూలి తల్లికి ఆ దినమున ఒక పూట కూలి కోయకుండ సెల వీయవలయును. మూడు మోతాదులకు మూడు పూటలు. అనగా ఒకటిన్నర దినపు కూలి. జ్వరము వచ్చిన మఱునాడు గూడ కలిపి లెక్కించినను నాలుగున్నర దినములు మించదు. మేస్త్రీతో బయానా మాటలాడునపుడే ఏడాది లోపు బిడ్డ లెందఱు వచ్చుచున్నారో అడిగి, ఆ పట్టీని నర్సమ్మకు అందజేయవచ్చును. కోత నెలలలో సంఘపు గిడ్డంగి వరండాను టీకాలకు వాడుకొనుడని ఆరోగ్య కేంద్రము వారికి వ్రాయవచ్చును; పొలములకు అదియే దగ్గఱ.

‘ఒక రైతు కూలి యిచ్చి పక్క రైతు ఈయకున్న ఆ భారము మొదటివానిదే గదా’ యని కొందఱందురు. నిజమే. అందువలననే ఇది యొక్కొక్కరి దయకు విడువక, రానున్న సర్వసభ్య సమావేశమున తీర్మానముగా ప్రతిపాదింప దలచితిమి. కోత డిసెంబరు కడపటనే మొదలగును గావున సభ ఆ లోపల జరుగుట అవసరము.