సగం చదివిన తీర్పు

1963లో సికింద్రాబాద్‌లోని ఓ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల కొందరు బల్లల చుట్టూ కూర్చుని డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. హైదరాబాద్ జూద నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు. హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం ఊరుకోలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో అక్కడా ఓడిపోయింది.

ఆనాటి ఆ చిన్న కేసు 'ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె.సత్యనారాయణ'. అర్ధశతాబ్దం తర్వాత వేల కోట్ల వ్యాపారానికి అదే గొడుగవుతుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు!

ఇంతకీ ఆ తీర్పులో ఏముంది? రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదంది కోర్టు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి. కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని తేల్చింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు తమ ప్రకటనల్లో, కోర్టుల్లో పదేపదే చెప్పుకొన్నది ఈ ముక్కే. 'సుప్రీంకోర్టే ఒప్పుకుంది, ఇది జూదం కాదు' అని.

కానీ తీర్పు అక్కడితో అయిపోలేదు. క్లబ్బు వాళ్లు పేక ముక్కలకీ, బల్లకీ కొంత రుసుము తీసుకోవడం తప్పు కాదు. అయితే డబ్బు పెట్టి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీస్తున్నాడని రుజువైతే, అది రమ్మీ అయినా సరే, నేరం కిందికి రావచ్చు... ఇదీ అదే తీర్పులోని మాట. ఈ సగాన్ని ఏ ప్రకటనా చదివి వినిపించలేదు.

యాప్‌లో జరిగేదేమిటి? పది మంది తలా వంద రూపాయలు వేశారనుకుందాం. మొత్తం వెయ్యి. అందులో పదో వంతు కంపెనీ తీసుకుంటుందనుకుంటే, గెలిచినవారికి దక్కేది తొమ్మిది వందలే. అదే పది మంది మిగిలిన డబ్బంతా పెట్టి మళ్లీ ఆడితే మళ్లీ పదో వంతు. ఇలా ఏడు ఆటలు తిరిగేసరికి ఆ పది మంది దగ్గరా కలిపి మిగిలేది 478 రూపాయలు. సగానికి పైగా కంపెనీ ఖాతాలోకి చేరింది. ఎవరి నైపుణ్యం ఎంతైనా ఈ లెక్క మారదు. ఆట ఎంతసేపు సాగితే కంపెనీకి అంత లాభం. ఆడేవాళ్లని లేవనివ్వకపోవడంలోనే ఉంది కిటుకంతా!

గోడకి ఇవతల నిషేధం... అవతల ప్రకటన

రాజ్యాంగం ప్రకారం పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలోవి. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే చట్టం చేసుకోవాలి. ఆన్‌లైన్ రమ్మీ మీద ముందుగా కత్తి దూసింది తెలంగాణే. 2017లో ఆర్డినెన్సు తెచ్చి, నైపుణ్యం ఉన్నా లేకపోయినా డబ్బు పెట్టి ఆడితే జూదమేనంటూ పాత చట్టాన్ని సవరించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. తమిళనాడు, కర్ణాటక కూడా ప్రయత్నించాయి. 2021లో తమిళనాడు చట్టాన్ని మద్రాసు హైకోర్టు, 2022లో కర్ణాటక సవరణల్ని అక్కడి హైకోర్టు కొట్టేశాయి. రెండుచోట్లా అడ్డొచ్చింది ఆ 'నైపుణ్యమే'.

తెలుగు రాష్ట్రాల్లో నిషేధమైతే అమల్లోకి వచ్చింది. మరి ప్రకటన ఆగిందా? లేదు. చట్టానికి సరిహద్దులున్నాయి, టీవీకి లేవు. క్రికెట్ ప్రసారాల్లో ఓవరు ఓవరుకీ మధ్య అభిమాన ఆటగాడు వచ్చి 'జట్టు కట్టు, కోట్లు కొట్టు' అన్నట్టు ఊరించేవాడు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఫలానా ఫలానా రాష్ట్రాలవారు ఆడరాదన్న హెచ్చరిక. ఆ ఫలానాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా ఉండేవి. అంటే నల్గొండలోనో నరసాపురంలోనో కూర్చుని చూస్తున్న కుర్రాడికి పెద్ద అక్షరాల్లో రమ్మనీ, చిన్న అక్షరాల్లో వద్దనీ ఒకేసారి చెబుతున్నట్టు. ఎవరి మాట వింటాడు?

డబ్బు కూడా తక్కువేం కాదు. 2020లో ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్‌షిప్‌ని ఓ ఫ్యాంటసీ క్రికెట్ కంపెనీ 222 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. 2023లో భారత జట్టు చొక్కా మీదకే ఎక్కింది. ఒకప్పుడు పేకాటాడే మనిషి ఊరి చివర తోటలోకి వెళ్లేవాడు. తెలిసినవాళ్లు కనబడితే తలదించుకునేవాడు. ఆ సిగ్గే ఎన్నో ఇళ్లకు కంచెలా ఉండేది. ప్రకటనలు మొదట తీసేసింది ఆ కంచెనే. జాతీయ జట్టు గుండెల మీద ఉన్న పేరు చూసి ఎవరు మాత్రం సిగ్గుపడతారు?

సోడా సీసా దారిలో...

ప్రకటనల మీద పోరాటం తమిళనాట గట్టిగా మొదలైంది. అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు వరసగా వస్తుంటే, 2020 నవంబరులో మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆ ప్రకటనల్లో కనిపిస్తున్న క్రికెటర్లకీ నటులకీ నోటీసులిచ్చింది. మరుసటి నెలలోనే కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ ఛానెళ్లకు ఓ సూచన పంపింది. ప్రకటనల ప్రమాణాల మండలి రూపొందించిన నియమాలు పాటించమని. పద్దెనిమిదేళ్లలోపువారిని చూపకూడదు. ఆటను సంపాదన మార్గంగానో, ఉద్యోగానికి బదులుగానో చెప్పకూడదు. ఆడేవాళ్లు మిగతావాళ్లకన్నా గొప్పవాళ్లనకూడదు. ఆర్థికంగా ప్రమాదం ఉందనీ, వ్యసనం కావచ్చనీ హెచ్చరించాలి. అదీ ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, మామూలుగా మాట్లాడే వేగంతోనే.

నియమాలు బాగానే ఉన్నాయి. కానీ అవి పద్ధతిగా నడిచే కంపెనీలకు. విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ సైట్లకు మండలీ లేదు, మర్యాదా లేదు. అవి పాత మద్యం కంపెనీల దారి పట్టాయి. సారా ప్రకటన వేయకూడదంటే అదే పేరుతో సోడా ప్రకటన వేసినట్టు, బెట్టింగ్ సైట్లు అదే పేరుతో, అదే బొమ్మతో 'వార్తల' సైట్లు పెట్టి ప్రకటనలు గుప్పించాయి. చూపేది స్కోరు, అమ్మేది పందెం. కేంద్రం ఈ ముసుగు ప్రకటనల మీద 2022లో జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి హెచ్చరికలు చేసింది. 2022 నుంచి 2025 జూన్ దాకా 1,500కు పైగా సైట్లను, యాప్‌లను మూయించింది కూడా. ఒకటి మూస్తే పేరులో ఓ అంకె మార్చుకుని ఇంకొకటి లేచింది.

'నా కోడ్ కొట్టండి'

టీవీ తలుపు కాస్త మూసుకునేసరికి ఫోన్ తలుపు బార్లా తెరుచుకుంది. ఊళ్లో యాసలో నవ్విస్తూ లక్షల మంది అభిమానుల్ని సంపాదించుకున్న కుర్రాళ్లు, వంటలు చేసి చూపించే అక్కలు వీడియో మధ్యలో ఓ యాప్ పేరు చెప్పడం మొదలైంది. 'నేను నిన్న ఇంత గెలిచాను, కింద లింకు ఉంది, నా కోడ్ కొట్టండి...' ఈ కోడ్‌లోనే ఉంది అసలు సంగతి. ఏ కోడ్ మీద ఎంతమంది చేరారో యాప్‌కి తెలుస్తుంది. చాలా చోట్ల చెప్పినవారికి లెక్క కట్టి ముట్టజెబుతారు. కొన్ని ఒప్పందాల్లో చేరినవాళ్లు పోగొట్టుకున్న దాంట్లోనే వాటా. సినిమా తార హోర్డింగు మీద కనిపిస్తే అది ప్రకటనని చంటిపిల్లాడికీ తెలుస్తుంది. రోజూ పలకరించే 'అన్న' చెబితే అది సలహాలా వినిపిస్తుంది.

2025 మొదట్లో తెలంగాణలో దీని మీద కదలిక వచ్చింది. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న ఐపీఎస్ అధికారి వి.సి.సజ్జనార్ బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసేవారి వీడియోల్ని ఎత్తిచూపుతూ సామాజిక మాధ్యమాల్లో ఉద్యమంలా నడిపారు. మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ ఠాణాల్లో కేసులు నమోదయ్యాయి. యూట్యూబర్లతో పాటు పేరున్న సినీ నటులూ వాటిలో ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. జులైలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ గూగుల్, మెటా సంస్థలకూ నోటీసులు పంపింది. తప్పొప్పులు తేల్చాల్సింది కోర్టులే. కానీ ప్రకటనలో నటించినవారినే కాక ఆ ప్రకటనకు చోటు అమ్మినవారిని కూడా ప్రశ్నించడం మాత్రం కొత్త.

ఒక్క మాట తీసేస్తే...

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహ, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. మూడు రోజుల్లో ముగిసింది. అందులో కీలకం ఒక్కటే. డబ్బు పెట్టి, డబ్బు ఆశించి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమే... అది నైపుణ్యంతో ఆడేదైనా, అదృష్టం మీద నడిచేదైనా, రెండూ కలిసిందైనా. అర్ధశతాబ్దం పాటు గొడుగు పట్టిన మాట అలా పక్కకి పోయింది.

ఆట నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన చేసినవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. డబ్బు లావాదేవీలు జరిపించే సంస్థలకూ శిక్ష ఉంది. ఆడిన మనిషికి మాత్రం శిక్ష లేదు. ఇది గమనించాల్సిన మార్పు. పాత చట్టాల్లో బల్ల దగ్గర దొరికినవాడే దొంగ. కొత్త చట్టం దృష్టిలో అతడు మోసపోయినవాడు.

ఏటా దాదాపు 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్ల రూపాయలు ఇలా పోగొట్టుకుంటున్నారని అప్పట్లో ప్రభుత్వం అంచనా చెప్పింది. సగటు కడితే తలకి నాలుగైదు వందలే కదా అనిపిస్తుంది. నష్టం సగటు లెక్కన పడితే బాధే లేదు. చాలామంది ఓ యాభయ్యో వందో వదులుకుని ఊరుకుంటారు. కొందరు మాత్రం చెల్లెలి పెళ్లి డబ్బు, అమ్మ పుస్తెలతాడు, పొలం కాగితాలు తాకట్టు పెడతారు. ఆపైన లోన్ యాప్‌లు. చావు వార్తలన్నీ ఆ కొందరి ఇళ్ల నుంచే వచ్చాయి.

చట్టం ప్రభావం వెంటనే కనిపించింది. ఫ్యాంటసీ క్రికెట్ కంపెనీ తప్పుకోవడంతో, 2025 సెప్టెంబరులో ఆసియా కప్ ఆడిన భారత జట్టు చొక్కాల మీద స్పాన్సరు పేరే లేదు. ఆటేమీ ఆగలేదు. కప్పు కూడా మనవాళ్లే గెలిచారు!

వాదనలు లేకపోలేదు. వేలాది ఉద్యోగాలు పోయాయన్నది పరిశ్రమ మాట. పన్ను కట్టే స్వదేశీ కంపెనీల్ని మూస్తే ఆటగాళ్లంతా విదేశీ సైట్లకు పోతారన్నది ఇంకో మాట. రాష్ట్రాల జాబితాలోని అంశం మీద కేంద్రం చట్టం చేయొచ్చా అన్న ప్రశ్నతో వేర్వేరు హైకోర్టుల్లో పిటిషన్లు పడితే, సెప్టెంబరులో సుప్రీంకోర్టు వాటిని తన దగ్గరికి తెప్పించుకుంది. ఉద్యోగాల బాధ నిజమే. విదేశీ సైట్ల భయమూ నిజమే. అయితే ఆ సైట్లు ఎవరికీ పుట్టుకతో తెలియవు. ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తాయి. అందుకే ప్రకటన మీద పట్టు సడలితే నిషేధం అసలు దొంగల్ని వదిలేసినట్టే అవుతుంది. 2003 చట్టంతో సిగరెట్ కంపెనీలు క్రికెట్‌ని స్పాన్సర్ చేసే దారి మూసుకుపోయింది. సిగరెట్టు అంతటితో పోలేదు. కానీ కొత్తగా అలవాటు చేసే గొంతు ఒకటి తగ్గింది. ఇక్కడా పోరాడేవారు అడుగుతున్నది అదే. టెలిగ్రామ్ గ్రూపుల్లో చిట్కాలమ్మేవాళ్ల మీద, ముసుగు ప్రకటనకు చోటిచ్చే వేదికల మీద, అద్దె బ్యాంకు ఖాతాల మీద చట్టం నిజంగా పడాలని.

ఈలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. రాత్రిళ్లు ఫోన్‌తో మేలుకోవడం, చిన్న చిన్న అప్పులు, ఇంట్లో డబ్బు లెక్క తప్పడం, అడిగితే కోపం... ఇవి కనిపిస్తే తిట్టేముందు కూర్చోబెట్టి అడగాలి. అప్పు ఒకసారి తీర్చేసి 'ఇకపై ఆడకు' అని ఒట్టు వేయించుకుంటే చాలదు. జూదవ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనే చేర్చింది. ఒట్టుతో జ్వరం తగ్గదు, ఇదీ అంతే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడేవారుంటారు. డబ్బు మోసం జరిగితే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. యాప్ పేరు ఊరంతటికీ వినపడేలా చెప్పినవారు చాలామందే ఉన్నారు. ఈ రెండు నంబర్లను కూడా ఎవరో ఒకరు అలాగే చెప్పాలి.