గొలుసు ఎవరి చేతిలో, కర్ర ఎవరి చేతిలో

హైదరాబాద్ మూసాపేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి లోపలి సందుల్లోకి నడిచే ఎవరినైనా ఆపి కుక్కల సంగతి అడగండి. దాదాపు ఒకే జవాబు వస్తుంది: "ఎవరి జాగ్రత్త వాళ్లది సార్." నైట్ షిఫ్టు దిగి వచ్చే అమ్మాయి బ్యాగులో పెప్పర్ స్ప్రే పెట్టుకోవాలి. పొద్దున్నే వాకింగుకు బయల్దేరే పెద్దాయన చేతికర్ర మరిచిపోకూడదు. ట్యూషన్‌కు వెళ్లే పిల్లకు ఇంట్లోంచి ఎవరో ఒకరు తోడు వెళ్లాలి. డెలివరీ కుర్రాడు గేటు దగ్గరే ఆగి ఫోన్ చేసి, కుక్క కట్టేసి ఉందో లేదో కనుక్కుని మరీ అడుగు లోపల పెట్టాలి. ఈమధ్య ఈ మాట ఇంకో మెట్టు ఎక్కింది. ఎయిర్‌గన్ ఒకటి కొని పడేసుకుంటే పోలా అంటున్నారు. కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇల్లయితే సలహా మరింత దూరం పోతుంది: "అక్కడైతే అక్కడికక్కడే కాల్చిపారేస్తారు, తెలుసా?"

వింటే లోకజ్ఞానంలా ఉంటుంది. ఎవరినీ నొప్పించదు కాబట్టి అసోసియేషన్ మీటింగుల్లో బాగా చెల్లుబాటవుతుంది కూడా. కానీ పై జాబితా మరోసారి చూడండి. అమ్మాయికి ఒక పని పడింది, పెద్దాయనకు ఒక పని పడింది, పసిపిల్లకూ పార్సిల్ తెచ్చేవాడికీ కూడా పడింది. కుక్కను ముచ్చటపడి తెచ్చుకున్న మనిషికి మాత్రం ఏ పనీ పడలేదు. ఇంతమంది జాగ్రత్త పడితే ఆయన నిశ్చింతగా ఉండవచ్చు. ఇది జాగ్రత్త చెప్పడం అనిపించుకోదు. ఒకడి బాధ్యతను ఊరందరి నెత్తినా రుద్దడం.

ఈ సూత్రాన్ని నిజంగా జరిగినదాని మీద పెట్టి చూద్దాం. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తుకు ఫుడ్ పార్సిల్ తీసుకెళ్లిన 23 ఏళ్ల కుర్రాడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ ఉరికింది. అతను పరుగెత్తాడు, అది వెంటపడింది. తప్పించుకోబోయి పైనుంచి కింద పడ్డాడు. కొద్ది రోజులకే నిమ్స్ ఆసుపత్రిలో ప్రాణం పోయింది. అదే ఏడాది మే నెలలో మణికొండలో మరో డెలివరీ ఉద్యోగికి ఇంచుమించు ఇదే జరిగింది. ఈసారి డాబర్‌మన్, మళ్లీ మూడో అంతస్తే. అతనూ దూకాడు. దెబ్బలు తగిలాయి గానీ బతికి బయటపడ్డాడు.

ఎవరి జాగ్రత్త వాళ్లదే అయితే ఆ కుర్రాడు ఏం చేసి ఉండాల్సింది? ఒక చేతిలో పార్సిల్, ఇంకో చేతిలో ఫోన్. తలుపు తెరుచుకోవడానికీ కుక్క మీద పడటానికీ మధ్య ఉండే క్షణంలో జేబులోంచి స్ప్రే తీసి, గురి చూసి కొట్టాలి. సరే, కొట్టాడే అనుకుందాం. కస్టమర్ గుమ్మంలో నిలబడి కస్టమర్ ముద్దుల కుక్క కళ్లలో కారం కొట్టినవాడికి ఆ సాయంత్రం ఉద్యోగం మిగులుతుందా? ఫోటో తీస్తారు, ఫిర్యాదు పెడతారు, ఐడీ బ్లాక్ అవుతుంది. ఆయుధం సంగతి మాట్లాడేవాళ్లు తరచు మరిచిపోయేది ఇదే. కొనుక్కోవడం ఎవరికైనా సాధ్యమే కావచ్చు, వాడి నిలదొక్కుకోవడం మాత్రం అందరికీ సాధ్యం కాదు. ఫ్లాటు ఓనరు కర్ర ఎత్తితే ఆత్మరక్షణ. అదే పని పనిమనిషి చేస్తే ఎంత పొగరు అంటారు. వాచ్‌మన్ చేస్తే ఉన్న గదీ ఖాళీ చేయాల్సి వస్తుంది.

కొన్ని అపార్ట్‌మెంట్లలో డెలివరీ వాళ్లు మెయిన్ లిఫ్టు ఎక్కకూడదు, సర్వీస్ లిఫ్టే వాడాలి. మెయిన్ లిఫ్టులో హస్కీ ఎక్కుతుంది, గొలుసు లేకుండా. ఈ ఏర్పాటులో వింత ఏముందని అడిగేవాళ్లు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు.

ఆత్మరక్షణ వద్దని నేను అనడం లేదు. కుక్క మీదికి వస్తే చేతికి ఏది దొరికితే దానితో కొట్టవచ్చు. బ్యాగు, గొడుగు, చెప్పు, రాయి, ఏదైనా సరే. చట్టం కూడా అడ్డు చెప్పదు. కాకపోతే చట్టం చెప్పే తీరు కాస్త వేరు. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు గురించిన 34 నుంచి 44 వరకు సెక్షన్లు నేరానికి ఎదురు నిలిచే హక్కును ఇస్తాయి. కుక్క నేరం చేయలేదు, చేయగలిగింది మనిషే. కాబట్టి కుక్క దాడిలో మనకు దన్నుగా నిలిచేది 19వ సెక్షన్: పెద్ద హానిని తప్పించడానికి దురుద్దేశం లేకుండా చేసిన చిన్న హాని నేరం కాదు. అదే యజమాని కావాలని ఉసిగొల్పితే లెక్క మారిపోతుంది. ఎవరి మీదికైనా కుక్కను ఉసిగొల్పడం నేరపూరిత బలప్రయోగమని 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉదాహరణగా రాసి పెట్టారు. అంటే మనకు చట్టాన్ని రాసిచ్చిన తెల్లదొరలు సైతం కుక్క వెనక మనిషిని చూడటం మరిచిపోలేదు.

చిక్కు ఆ తర్వాతి నిమిషంతో వస్తుంది. కుక్క వెనక్కి తిరిగాక, గేటు వేసుకున్నాక, మర్నాడు పొద్దున కోపంతో కొడితే అది ఆత్మరక్షణ కిందికి రాదు. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. ఇక ఎయిర్‌గన్. తక్కువ శక్తి ఉన్న చిన్న రకాలకు లైసెన్సు అక్కర్లేదన్న మాట నిజమే. దాని గుండు మీదికొస్తున్న పెద్ద కుక్కను ఆపుతుందన్న హామీ లేదు, దాన్ని మరింత రెచ్చగొట్టగలదు. ఎదురు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న మనిషి కన్ను పోవడానికి మాత్రం సరిపోతుంది. రెండు బైకులు ఎదురైతే ఒకటి ఆగి దారివ్వాల్సిన మా సందుల్లో గురి తప్పిన ఏ గుండైనా ఖాళీ స్థలంలో పడదు. అసలు తుపాకీకి పోలీసు కమిషనర్ లైసెన్సు కావాలి. వాకింగులో కుక్కలు తరుముతున్నాయని దరఖాస్తు పెట్టుకుంటే ఏ జవాబు వస్తుందో పెట్టినవాళ్లే చెప్పాలి.

ఇంతకీ మన దగ్గర కుక్కల పేరుతో తుపాకీ నిజంగా పేలిన సందర్భం ఒకటుంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో రాత్రివేళ కారులో వచ్చినవాళ్లు సుమారు 20 వీధికుక్కలను కాల్చి చంపి వెళ్లిపోయారు. తెల్లారి లేచిన ఊరివాళ్లకు వీధుల్లో కళేబరాలు కనిపించాయి. ఎవరు చేశారో, ఎందుకు చేశారో మొదట అంతు చిక్కలేదు. తర్వాతి నెలలో పోలీసులు ముగ్గురిని అరెస్టు చేసి కారణం చెప్పారు. అత్తగారి ఊరికి తీసుకొచ్చిన పెంపుడు కుక్కల మీద వీధికుక్కలు పడి ఒకదాన్ని చంపేశాయని, ఆ కక్షతో హైదరాబాద్ ఆసామి ఒకాయన స్నేహితులతో కలిసి రైఫిల్ పట్టుకుని వచ్చాడన్నది పోలీసుల కథనం.

తుపాకీ ఎవరి చేతిలో ఉందో చూడండి. పొలానికి నడిచి వెళ్లే మనిషి చేతిలో లేదు, బడికి వెళ్లే పిల్ల తండ్రి చేతిలోనూ లేదు. పెంపుడు కుక్క మీద ప్రాణం పెట్టుకున్న, కారూ ఆయుధమూ సమకూర్చుకోగలిగిన పట్నం మనిషి చేతిలో ఉంది. అక్కడ ప్రాణభయం లేదు, పగ ఉంది. కర్రలకూ ఇదే వరస. 2024 మేలో హైదరాబాద్ మధురానగర్ పోలీస్ స్టేషన్ పరిధిలో ఒక పెంపుడు హస్కీ గురించి మొదలైన ఇరుగుపొరుగు తగాదా కర్రలతో కొట్టుకునే దాకా పోయింది. పొరుగువాళ్లు కుక్కను పెంచుకునే కుటుంబం మీద పడ్డారు, కుక్కనూ చితకబాదారు. సీసీ కెమెరా దృశ్యాలు ఊరంతా చూసింది. మొదటి తగాదా రోజునే స్టేషన్‌లో ఎవరైనా కుక్కకు గొలుసు సంగతీ, పక్కింటివాళ్లకు చట్టం సంగతీ గట్టిగా చెప్పి ఉంటే ఆ కర్రలు లేచేవా?

అమెరికా సలహాకు కూడా జవాబు అమెరికాలోనే ఉంది. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు వేలల్లో ఉన్న టెక్సస్‌నే తీసుకోండి. 2021 నుంచి అక్కడ చాలామంది పెద్దవాళ్లు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ పెట్టుకుని తిరగవచ్చు. ఆత్మరక్షణే సరిపోయేదైతే కుక్కల విషయంలో ఆ రాష్ట్రానికి ఇంకో చట్టంతో పనే ఉండకూడదు. కానీ 2004లో 76 ఏళ్ల ముసలావిడను తన ఇంటి ఆవరణలోనే పక్కింటి కుక్కల గుంపు చంపేసింది. యజమాని మీద కేసు నిలవలేదు. దాంతో 2007లో ఆమె పేరుతోనే లిలియన్స్ లా తెచ్చారు. కట్టు తప్పిన కుక్క యజమాని అజాగ్రత్త వల్ల మనిషిని చంపితే ఆ యజమానికి ఇరవయ్యేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇంటింటా తుపాకీ ఉన్నచోటు కూడా చివరికి పట్టుకున్నది గొలుసు వదిలిన చేతినే. పిల్లల దగ్గరికి వెళ్లి ఆర్నెల్లు ఉండి వచ్చిన మా కాలనీ పెద్దలు అక్కడ కుక్క వెనకే సంచి పట్టుకుని నడిచి, వంగి మరీ శుభ్రం చేసి, ఇక్కడ దిగగానే అదే చేత్తో గొలుసు విప్పేస్తారు. వాతావరణం మార్పు కాబోలు.

మన చట్టం మరీ చేతకానిదేమీ కాదు. జంతువును అదుపులో ఉంచడంలో అజాగ్రత్త చూపి మనిషికి ప్రమాదం తెచ్చిపెడితే న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. అజాగ్రత్త వల్ల ప్రాణమే పోతే 106వ సెక్షన్ ఉంది, ఐదేళ్ల దాకా. నగరంలో కుక్కను పెంచుకోవాలంటే కార్పొరేషన్ లైసెన్సు తీసుకోవాలి, రేబిస్ టీకా వేయించినట్టు కాగితం చూపాలి. మీ కాంప్లెక్సులో ఎన్ని కుక్కలున్నాయో, వాటిలో ఎన్నింటికి లైసెన్సు ఉందో మీ అసోసియేషన్ సెక్రటరీని అడిగి చూడండి. సెల్లార్‌లో ఎవరి కారు ఎక్కడ పెట్టాలో అంగుళాలతో సహా చెప్పే మనిషి ఈ ప్రశ్నకు నీళ్లు నములుతాడు.

"కరిచేవి వీధికుక్కలు కదండీ, వాటికి యజమాని ఎవరు?" అని ఎదురడిగేవాళ్లకు జవాబు చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ మాటలో నిజం చాలా ఉంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ని వీధికుక్కలు చంపేశాయి. తండ్రి వాచ్‌మన్‌గా పనిచేసే కార్ల సర్వీసింగ్ సెంటర్ ఆవరణలోనే ఆ ఘోరం జరిగింది. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ పసివాడి జాగ్రత్త ఆ పసివాడిదేనా? ఏ కర్ర ఇస్తే సరిపోయేది? వీధికుక్కకు యజమాని లేడన్న మాటను నేను ఒప్పుకోను. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా చేయించే బాధ్యత 2001 నుంచీ నిబంధనల్లో స్థానిక సంస్థలదే. 2023లో ఆ నిబంధనలను తిరగరాసినా ఆ బాధ్యత కదల్లేదు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో కుక్కలకు ఆపరేషన్ చేసే కేంద్రం ఉంది, మూసాపేటకు కూతవేటు దూరం. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది కూడా ఇదే దారి: పట్టుకుని, ఆపరేషన్ చేసి, టీకా వేసి అదే వీధిలో వదలాలి. పిచ్చిపట్టినవాటిని, మీదపడే స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలకూడదు. తిండి పెట్టేవాళ్లు కేటాయించిన చోటే పెట్టాలి. నవంబరు 7న ఇంకో అడుగు వేసి బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తీసేయాలని, తిరిగి అక్కడ వదలరాదని ఆదేశించింది.

కార్పొరేషన్ చేయాల్సిన పని చేయనప్పుడు "ఎవరి జాగ్రత్త వాళ్లది" అనడం ఎవరికి లాభం? కార్పొరేషన్‌కే. సూదీ కత్తెరా పట్టాల్సినవాళ్లు పట్టకపోతే జనం విషం పడతారు. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల పల్లెల్లో వందల కుక్కలను చంపించారని సర్పంచుల మీద కేసులు నమోదయ్యాయి. కుక్కల బెడద తీరుస్తామని పంచాయతీ ఎన్నికల్లో ఇచ్చిన మాటే కారణమన్నారు. ఊళ్లో ఉన్న కుక్కలన్నీ చచ్చినా పక్క ఊరి కుక్కలు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? తిండి ఉన్నచోటికి అవి వస్తాయి. చికెన్ షాపు వ్యర్థాలు సందు చివర పోసినన్నాళ్లూ వస్తూనే ఉంటాయి. ముచ్చట తీరాక, లేదా ఫ్లాటు మారేటప్పుడు రోడ్డు మీద దించేసిన లాబ్రడార్లు కూడా వాటిలో కలుస్తాయి. ఆ దించినవాడి పేరు ఏ లెక్కలోనూ లేదు, లైసెన్సు తీసుకోలేదు కాబట్టి.

కుక్క కరిస్తే ఏం చేయాలో అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ చాలామంది పసుపో సున్నమో పెట్టి ఊరుకుంటారు. పుండును పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. తర్వాత నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లాలి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. ఆ తర్వాత మూడో రోజు, ఏడో రోజు అంటూ డోసులు సాగుతాయి. కూలికి వెళ్లే మనిషికి ఒక్కో డోసూ ఒక్కో పూట జీతం.

పెంపుడు కుక్క కరిచిన కేసుల్లో చాలా వరకు స్టేషన్ దాకా పోవు. పోయినా 291 ఎక్కదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేస్తారు. సూదుల ఖర్చంతా తనదేనని యజమాని పెద్దమనసుతో ఒప్పుకుంటాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ సూదులు ఎవరికైనా ఉచితమే.