చెవి మిషన్ పలకడం లేదా? ముందు ఇంట్లోనే చూడండి



కొన్ని ఇళ్ళల్లో బట్టల పెట్టె అడుగున ఒక చిన్న డబ్బా ఉంటుంది. దానిలో తాతకో అవ్వకో తెచ్చిన వినికిడి యంత్రం, అంటే మన వాడుకలోని చెవి మిషన్ ఉంటుంది. “కొన్నాళ్ళు బాగానే పనిచేసింది, తర్వాత పాడైపోయింది” అంటారు. నిజానికి అలా మూలబడిన మిషన్లలో చాలావాటికి లోపల ఏ చెడుపూ ఉండదు. సెల్లు అయిపోయి ఉంటుంది, లేదా గొట్టంలో గులిమి అడ్డుపడి ఉంటుంది, లేదా చెమట తేమ చేరి ఉంటుంది. ఈ మూడింటినీ ఇంట్లోవారే సరిచేయవచ్చు.

ఇది చిన్న విషయం కాదు. మిషన్ ఆగిపోయిన పెద్దాయన అడిగినదానికి వేరే జవాబు చెబుతాడు. పిల్లలు నవ్వుతారు. కొన్నాళ్ళకు ఆయన నలుగురిలో కూర్చోవడమే మానుకుంటాడు. ఇక మాటలు నేర్చుకునే పసిబిడ్డ విషయంలోనైతే మిషన్ ఆగిన ప్రతి దినమూ నష్టమే. తనకు వినబడడం లేదని ఆ బిడ్డ చెప్పలేదు గదా! కట్టంగూర్ హైదరాబాద్–విజయవాడ రహదారి మీదనే ఉన్నది. అయినా పరీక్ష కోసం నగరానికి వెళ్ళి రావాలంటే ఒక దినం కూలి పోతుంది, తోడు ఒకరు కావాలి. కనుక బస్సెక్కే ముందు ఏమేమి చూడాలో తెలుసుకుందాం.

అరచేతి పరీక్ష: కొత్త సెల్లు వేసి, మిషన్ ఆన్ చేసి, శబ్దం పెంచి, గుప్పిట్లో మూయండి. కీచుమని ఈల వస్తే మిషన్ బ్రతికే ఉన్నది. లోపం చాలావరకు చెవిలో పెట్టే అచ్చులోనో గొట్టంలోనో ఉంటుంది. కొన్ని డిజిటల్ మిషన్లలో ఈల వెంటనే అణగిపోవచ్చు. అప్పుడు శబ్దం బాగా తగ్గించి, మన చెవికి కొంచెం దూరంగా పట్టుకొని వినాలి. పెంచిన శబ్దంతో నేరుగా చెవిలో పెట్టుకోకూడదు.

సెల్లు: చెవి వెనుక పెట్టే మిషన్లలో బిళ్ళలాంటి జింక్ సెల్లు వేస్తారు. దాని మీద అంటించిన రంగు కాగితం నారింజ అయితే 13వ నంబరు, నీలం అయితే 675, గోధుమ అయితే 312, పసుపు అయితే 10. దుకాణంలో నంబరు చెప్పి అడగండి. ఈ సెల్లు గాలి తగిలితేనే పనిచేస్తుంది. కాగితం తీసిన తర్వాత రెండు మూడు నిమిషాలు ఆగి మిషన్లో వేయండి. తీసిన కాగితాన్ని మళ్ళీ అంటించినా సెల్లు దాచుకోవడం కుదరదు. రాత్రి మిషన్ తీసేటప్పుడు సెల్లు మూతను తెరచి ఉంచితే లోపలి తేమ ఆరుతుంది. సెల్లు తగిలే రేకుల మీద తుప్పులాంటిది కనబడితే పొడి దూదితో మెల్లగా తుడవండి. జేబులో పెట్టుకొనే పాత మిషన్లకు పెన్సిల్ సెల్లు వేస్తారు. దాని కూడిక, తీసివేత గుర్తులు సరిగా ఉన్నవో లేదో చూడండి.

ఒక్క హెచ్చరిక. బిళ్ళ సెల్లును పిల్లలు మింగినా, ముక్కులోనో చెవిలోనో పెట్టుకున్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అది లోపలి కండను కాల్చివేస్తుంది. వాడిన సెల్లును సైతం పిల్లలకు అందనివ్వకండి.

మీట: కొన్ని మిషన్ల మీద ఓ, టీ, ఎమ్ అనే ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఓ అంటే ఆపివేత. ఎమ్ మీద ఉంటేనే మనుషుల మాట వినబడుతుంది. టీ అనేది టెలిఫోన్ కొరకు; దాని మీద ఉంటే మాటలు రావు, ఒట్టి గుయ్యిమనే మోతే వస్తుంది. చెయ్యి తగిలి మీట జరిగినందుకే మిషన్ చెడిపోయిందని పక్కన పెట్టినవారూ ఉన్నారు.

ఈల ఆగకపోతే: ముందు అచ్చును తీసి మళ్ళీ సరిగా కూర్చోబెట్టండి. అయినా ఆగకపోతే మిషన్ తీసి, అచ్చు కొసనున్న రంధ్రాన్ని వేలితో గట్టిగా మూయండి. ఈల ఆగితే అచ్చు చెవికి సరిపోవడం లేదన్నమాట. చెవిలో గులిమి నిండి ఉన్నా అలాగే జరుగుతుంది. ముసలితనంలో మనిషి చిక్కినా, పిల్లల చెవి పెరిగినా పాత అచ్చు వదులవుతుంది, కొత్తది చేయించాలి. వేలితో మూసినా ఈల వస్తూనే ఉంటే గొట్టం పగిలిందేమో చూడండి. గొట్టం పసుపుబారి గట్టిపడితే మార్పించుకోవాలి.

శబ్దం సన్నగిల్లితే: అచ్చు రంధ్రంలో గులిమి ఉందేమో వెలుతురులో చూసి, మెత్తని బ్రష్షుతో తీయండి. వారానికొకసారి, మిషన్ కొక్కెం నుండి గొట్టాన్ని మెల్లగా విడదీసి, అచ్చును గొట్టంతో సహా గోరువెచ్చని సబ్బునీటిలో కడగండి. నీరంతా దులిపి, రాత్రంతా ఆరనిచ్చి, గొట్టంలో చుక్క కూడా లేదని చూసుకున్న తర్వాతనే తగిలించండి. మిషన్‌కు మాత్రం నీరు తగలకూడదు. పూర్తిగా చెవి లోపల పెట్టే రకాన్ని పొడి గుడ్డతో తుడవడమే, కడగకూడదు. జేబు మిషన్లో మాట వచ్చి పోతూ ఉంటే తీగను రెండు కొసల దగ్గర కదిలించి చూడండి. లోపల తెగి ఉంటే కొత్త తీగ చాలు.

తేమ, ఎండ, నూనె: మన నల్లగొండ ఎండల్లో చెమట ధారగా కారుతుంది. రాత్రిపూట మిషన్‌ను బిగుతు మూత ఉన్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో కలిపి ఉంచండి. స్నానానికి ముందు, వానలో, చేనులో మందు కొట్టేటప్పుడు తీసివేయండి. తలకు నూనె రాసి చేతులు తుడుచుకున్న తర్వాతనే ముట్టుకోండి. తడిసిందని పొయ్యి దగ్గర పెట్టకండి, ఎండలో వదలకండి. ఆ ఈలకు కుక్కలు కూడా వస్తాయి, అందనంత ఎత్తులో పెట్టండి.

ఇవి దాటితే మన పని కాదు. మిషన్ డొక్కు విప్పకండి. అగ్గిపుల్లతోనో పిన్నీసుతోనో చెవి గెలకకండి. చీము కారినా, నొప్పి పుట్టినా, వినికిడి ఒక్కసారిగా తగ్గినా మిషన్ పక్కనబెట్టి వెంటనే చెవి డాక్టరుకు చూపించండి. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉన్నది. వినికిడి లోపాల కొరకు 1983లో ముంబయిలో స్థాపించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం 1981 నుండి ఉన్నది. ఆదాయ పరిమితికి లోబడిన వికలాంగులకు దాని క్రింద మిషన్లు ఉచితంగా ఇస్తారు.

వినికిడి తగ్గినందుకు సిగ్గుపడనవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం లోకంలో 43 కోట్ల మందికి వినికిడి కొరకు సహాయం అవసరం.

చేతులు వణికే అవ్వ ఈ పనులన్నీ తానే చేసుకోలేదు. అందుచేత ఇంట్లో ఒకరిని, వీలైతే చదువుకునే మనుమడినో మనుమరాలినో, ఈ పనికి ఏర్పాటు చేయండి. ప్రతి ఉదయం అరచేతి పరీక్ష, శనివారం సాయంత్రం అచ్చు కడగడం, తలగడ దగ్గర ఒక సెల్లు మిగులు. అప్పుడు ఆదివారం ఆరాధనలో ఆమె చివరి బల్ల మీద ఊరికే కూర్చోదు, మాట వింటుంది. ముందుగా ఈ రోజే ఆ పెట్టె తెరచి, కొత్త సెల్లు వేసి చూడండి.