పోయినవాళ్ళకీ ఓ పుట్టినరోజు

డిసెంబరు నాలుగో తేదీ వచ్చిందంటే మన విజయవాడలో ఏదో ఒక మూల ఘంటసాల పాట వినిపించి తీరుతుంది. ఆయన పేరు పెట్టుకున్న సంగీత కళాశాల ఉన్న ఊరాయె! 1922లో ఆ రోజునే గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారాయన. పోయింది 1974 ఫిబ్రవరి 11న. ఆ రోజునా తలుచుకుంటాం, దండలు వేస్తాం. కానీ రెండు రోజులకీ ఉన్న తేడా మీరూ గమనించే ఉంటారు. ఫిబ్రవరిలో "అయ్యో, యాభై రెండేళ్ళయినా నిండకుండా పోయాడే" అంటాం. డిసెంబరులో ఆ మాటే రాదు. పాటలు పాడుకుంటాం.

ఆగస్టు 2 పింగళి వెంకయ్యగారిది, మే 28 ఎన్టీ రామారావుగారిది. ఇలా పెద్దవాళ్ళకైతే జయంతులున్నాయి. దేవుళ్ళ సంగతి సరేసరి. శ్రీరామనవమి, కృష్ణాష్టమి పుట్టినరోజులేగా! మరి మన ఇంట్లో పోయిన అమ్మకి, నాన్నకి, అత్తగారికి, అన్నయ్యకి ఏముంది? తద్దినం. పోయిన తిథి ఒక్కటే గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటాం. పుట్టిన తేదీ మనిషితోపాటే వెళ్ళిపోతుంది.

ఈ మాటే ఆ మధ్య శివాలయం వీధిలో ఒక పేరంటంలో అంటే, ఒక పెద్దావిడ నన్ను గట్టిగానే కోప్పడ్డారు. "పోయినవాళ్ళకి పుట్టినరోజేమిటమ్మా, వినడానికే అశుభం" అని. శాస్త్రం తెలిసిన మనిషిని కాను, ఆవిడతో వాదించలేదు. తద్దినానికి పోటీగా మరొకటి పెట్టమని కూడా నేననడం లేదు. అది నమ్మినవాళ్ళు శ్రద్ధగా పెట్టుకుంటారు, పెట్టుకోవాలి. నేనడిగేది మరో రోజు.

ఎందుకంటారా? తద్దినం రోజున ఇల్లు ఎలా ఉంటుందో ఆడవాళ్ళకు చెప్పాలా! తెల్లవారుఝామునే తలస్నానం, మడి, పొయ్యి దగ్గర నిలువుకాళ్ళ మీద వంట. పీటల మీద కూర్చునేది కొడుకు, ఎదురుగా బ్రహ్మగారు. గోత్రం చెప్పి మూడు తరాల పేర్లు చదువుతారు. ఆ పేరుగల మనిషి ఎలా నవ్వేదో, దేనికి అలిగేదో ఎవరూ చెప్పరు. అది దాని పని కూడా కాదు. ఇక వంట... ఇంటింటికీ ఆచారం వేరనుకోండి, చాలా ఇళ్ళల్లో ఆవేళ ఉల్లిపాయ పనికిరాదు, మిరపకాయ బదులు మిరియాలు. బతికినన్నాళ్ళూ ఉల్లిపాయ పులుసు లేనిదే ముద్ద దిగని మనిషికి ఆ ఒక్కటీ లేని భోజనం!

ఇంకో సంగతి. పెళ్ళయిన ఆడపిల్లకు ఆ రోజున పీట లేదు. గోత్రం మారిపోయింది కదా. పుట్టింటివాళ్ళు పిలిస్తే వెళ్ళి ఓ పక్కన కూర్చుంటుంది. పిలవకపోతే, అన్నదమ్ములతో మాటల్లేకపోతే, అదీ లేదు. ఆస్తి పంపకాల దగ్గర చెడి అమ్మ తద్దినం ఏ రోజున పెడుతున్నారో కూడా తెలియని కూతుళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ముగ్గురున్నారు. అలాంటి కూతురు అమ్మ పుట్టినరోజు జరుపుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? తన ఇంట్లో, తన పొయ్యి మీద అమ్మకిష్టమైన కూర వండి, పిల్లల్ని కూర్చోబెట్టి నాలుగు కబుర్లు చెబితే కాదనేదెవరు?

పోయిన రోజుకి మరో చిక్కు కూడా ఉంది. ఆ రోజు తలుచుకోగానే మనకు గుర్తొచ్చేది ఆస్పత్రి. ఆక్సిజన్ గొట్టం, డాక్టరు ముఖం, బిల్లు, చివరి పది రోజులు. అరవై ఏళ్ళు బతికిన మనిషి ఆ పది రోజుల్లో ఇరుక్కుపోతుంది. 2020, 2021ల్లో కరోనాతో పోయినవాళ్ళ ఇళ్ళల్లో అయితే ఆ మాత్రం కూడా లేదు. చివరిచూపు దక్కలేదు, పదిమంది కలిసి ఏడ్చింది లేదు.

మా ఇంటికి నాలుగిళ్ళవతల ఉండే వదినగారి కొడుకు అలాగే పోయాడు, 2021 మే నెలలో. ఇరవయ్యారేళ్ళు. వస్త్రలతలో ఒక బట్టల కొట్లో లెక్కలు చూసేవాడు. ఆ తర్వాత వీధి వీధంతా ఆవిడ దగ్గర అతని పేరెత్తడం మానేసింది. ఆవిడ వస్తోందంటే పెళ్ళి సంబంధాల మాటలు ఆపేసేవాళ్ళు. ఇంట్లో అయితే భర్త ఫొటోని హాల్లోంచి తీసి లోపలి గదిలో పెట్టాడు. అంతా ఆవిడ మంచికే. గుర్తు చేస్తే బాధపడుతుందని! గుర్తుచేయకపోతే మరిచిపోతుందనా?

మూడేళ్ళ తర్వాత ఒక సాయంత్రం ఆ అబ్బాయితో కొట్లో పనిచేసిన స్నేహితుడొకడు మైసూరుపాకు పొట్లం పట్టుకుని వచ్చాడు. "అమ్మా, ఇవాళ వాడి పుట్టినరోజు కదా" అన్నాడు. ఆవిడ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయిందిట. తర్వాత కూర్చోబెట్టి, చెప్పు నాయనా చెప్పు, అంటూ చీకటిపడేదాకా చెప్పించుకుంది. జీతం అందిన రోజున కొట్లో మూటలు మోసే పిల్లలిద్దరికీ పునుగులు తినిపించేవాడని ఆవిడకు తెలియదు. బల్లి కనబడితే గోదాములోకి అడుగుపెట్టేవాడు కాదని తెలుసు గానీ, స్నేహితులకీ తెలుసని తెలియదు. ఇంటరు మార్కుల కాగితం ఎక్కడ దాచాడో అప్పుడే బయటపడింది. నవ్విందిట. మర్నాడు నాతో ఆవిడే అంది: "వాడు పోయిన రోజున పలకరించడానికి అందరూ వస్తారు వదినా. పుట్టినరోజు మాత్రం నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నా." ఫొటో మళ్ళీ హాల్లోకి వచ్చింది.

అందరికీ అంత త్వరగా అవుతుందని చెప్పను. మొదటి ఏడాది ఎవర్నీ బలవంతపెట్టకూడదు. "మాట్లాడుకుందామా?" అని అడిగితే చాలు, వద్దంటే వదిలేయాలి.

దివిసీమ సంగతి ఆలోచించండి. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమంది ఒక్క రాత్రిలో పోయారు. ఏటా ఆ రోజున అక్కడ నివాళులర్పిస్తారు. ఊళ్ళకు ఊళ్ళే ఒక తిథికి తద్దినాలు పెట్టుకోవాల్సిన గతి. ఒకే ఇంట్లో తల్లీ, ముగ్గురు పిల్లలూ పోతే నలుగురికీ పోయిన రోజు ఒకటే. ఆ నలుగుర్నీ విడివిడిగా ఎవరికి వారిగా తలుచుకోవాలంటే ఇక మిగిలింది పుట్టిన రోజులే.

సరే, జరుపుదామంటే అసలు ఆ రోజేదో తెలియాలిగా! ఇక్కడుంది తమాషా. పింగళి వెంకయ్యగారు పుట్టిన ఏడాది 1876 అని కొందరు, 1878 అని కొందరు. మన ఊళ్ళో పెరిగిన సావిత్రికి డిసెంబరు 6 అంటారు గానీ, ఏడాది 1934 అని ఒకరు, 1936 అని ఒకరు. జాతీయ పతాకం, మహానటి... వాళ్ళకే ఇలా ఉంటే వంటింట్లో బతుకు గడిపిన మన అమ్మమ్మలకు తేదీలెక్కడివి? బడికెళ్ళిన మగవాళ్ళకు పంతులుగారు వేసిన జూలై ఒకటో తేదీ ఉంటుంది. బడికెళ్ళని ఆడదానికి అదీ లేదు.

మా అమ్మ ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంది. అది పుట్టినరోజు కాదని, ఏడాది మాత్రమే చెబితే కంప్యూటరు వేసుకున్న తేదీ అని అమ్మకీ తెలుసు. 2019లో అమ్మ పోయాక ఒకసారి బందరు వెళ్ళినప్పుడు పెద్దమ్మను అడిగాను. ఎనభై దాటిన పెద్దమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఆనకట్ట తెగిన ఏడాది. చవితి వెళ్ళిన మూడోనాడు. మీ అమ్మ పుట్టేటప్పటికి పత్రి ఇంకా పెరట్లోనే ఉంది, వాడిపోయి." కృష్ణ మీద 1855 నాటి పాత ఆనకట్ట తెగింది 1952లో. ఆ తర్వాతే ఇప్పటి ప్రకాశం బ్యారేజీ కట్టారు, 1957కి పూర్తయింది. అంటే నందన నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ సప్తమి. ఏ కార్డులోనూ లేని తేదీ పెద్దమ్మ నోట్లో ఉంది. నేనడక్కపోతే?

ఆ ఏడు సప్తమికి మా ఇంట్లోనే చేశాం. పెద్దమ్మను బందరు నుంచి కారులో తీసుకొచ్చాం. తమ్ముడు వచ్చాడు, మేనమామ వచ్చాడు. పొద్దున్నే కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్ళి సాంబారు ఉల్లిపాయలు తెచ్చి పులుసు పెట్టాను. (ఆంధ్రప్రదేశ్ శాసనసభ మొదటి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేరది. బోర్డు చూస్తూ ఉల్లిపాయలు బేరమాడే మనలో ఎంతమందికి ఆయన గుర్తొస్తారు? పేరు రాసి ఉంటే సరిపోదని అందుకే అంటాను.) భోజనాలయ్యాక మొదలయ్యాయి కబుర్లు. పన్నెండేళ్ళ వయసులో మూగమనసులు చూసి ఇంటిదాకా ఏడుస్తూ నడిచిందని పెద్దమ్మ చెప్పింది. మా అమ్మ సినిమాకి ఏడవడం మేమెవ్వరం చూసి ఎరగం.

తర్వాత గాజుల మాట వచ్చింది. 1992 పుష్కరాల్లో స్నానం చేస్తుంటే బంగారు గాజులు కృష్ణలో జారిపోయాయని అమ్మ నాతో చెప్పింది. ఇన్నేళ్ళూ అదే నమ్మాను. తమ్ముడు తలెత్తకుండా అన్నాడు: "జారిపోలేదక్కా. నా కాలేజీ ఫీజుకి కుదువబెట్టింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది." పెద్దమ్మ అందుకుంది. వాటిని విడిపించాలని రెండేళ్ళు జాకెట్లకు హుక్కులు, చీరలకు ఫాల్సు కుట్టిందిట, వడ్డీకే చాల్లేదుట. నా దగ్గర ఒక ముక్క, తమ్ముడి దగ్గర ఒకటి, పెద్దమ్మ దగ్గర ఒకటి. అమ్మ బతికుండగా మూడు ముక్కలూ ఒకచోటికి రాకుండా జాగ్రత్తపడింది మరి! మేనమామ చాలాసేపు మాట్లాడలేదు. "నన్నడిగితే ఇచ్చేవాణ్ణిగా" అన్నాడు చివరికి. అడిగే మనిషి కాదని అందరికీ తెలుసు.

ఇలాంటి రోజున పొగడ్తలే చెప్పుకోవాలని లేదు. పోయినవాళ్ళందర్నీ దేవతల్ని చేసేస్తే మిగిలేది దండ వేసిన ఫొటోనే. మా అమ్మ మొండిది, నాన్నతో నెల్లాళ్ళు మాట్లాడకుండా ఉండగలదు. అదీ చెప్పుకున్నాం. ఫొటో ముందు కేకు కోసి, ముక్క తీసి అద్దానికి అంటించడం మాత్రం నాకు నచ్చదు. నెహ్రూ బొమ్మ సెంటర్లో ఫ్లెక్సీలు అంతకంటే నచ్చవు. మెక్సికోలో ఏటా నవంబరు 1, 2 తేదీల్లో పోయినవాళ్ళకిష్టమైన వంటకాలు, బంతిపూలు పెట్టి ఇంటిల్లిపాదీ వాళ్ళ ముచ్చట్లు చెప్పుకుంటారు. మన క్రైస్తవ సోదరీమణులు నవంబరు 2న సమాధులు శుభ్రం చేసి పూలు పెడతారు. ఎవరి పద్ధతి వారిది. ఖర్చు పెట్టాలనిపిస్తే ఆ పేరున పదిమందికి అన్నం పెట్టించవచ్చు.

ఒక్క పని మాత్రం ఆలస్యం చేయకండి. పాత ఫొటోల వెనక ఎవరు, ఎక్కడ, ఏ ఏడు అన్నది పెన్సిలుతో రాయించండి. పెద్దవాళ్ళు చెబుతుంటే పిల్లల చేత సెల్‌ఫోన్లో రికార్డు చేయించండి. గొంతు కూడా ఉంటుంది కదా.

మా అమ్మమ్మ విషయం ఇంకా తేలలేదు. గాంధీగారు బెజవాడ వచ్చిన ఏడాది పుట్టిందని పెద్దమ్మ అంటుంది. కాంగ్రెసు సభలకు ఆయన ఇక్కడికొచ్చింది 1921లో, మార్చి నెలాఖరున. ఏడాది దొరికింది, నెల దొరకలేదు. అవనిగడ్డలో అమ్మమ్మ చెల్లెలి కూతురొకావిడ ఉంది, తొంభయ్యేళ్ళకు దగ్గరపడింది, మాట బాగానే ఉందిట. వచ్చే ఆదివారం పెద్దమ్మను తీసుకుని వెళుతున్నాం.