నర్సులకు శిక్షణ, శిక్షణకు తగిన సిబ్బంది

తల్లి గర్భంలో నెలల తరబడి మత్తుమందుకు అలవాటుపడిన శిశువుకు, బొడ్డుతాడు కోసిన క్షణం నుండి ఆ మందు అందదు. ఆ లేమి వలన పసికందు పడే బాధనే మత్తు విరమణ లక్షణాలంటారు. కీచుమనే ఆగని ఏడుపు, కాళ్ళు చేతుల వణుకు, బిగుసుకుపోయే కండరాలు, విడువని తుమ్ములు, పాలు సరిగా త్రాగలేకపోవడం, వాంతులు, విరేచనాలు; తీవ్రమైన సందర్భాలలో మూర్ఛలు. ఇట్టి శిశువును రాత్రింబవళ్ళు కనిపెట్టి వుండేది నర్సు. ఆమెకు శిక్షణ ఇవ్వాలనడంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అయితే ఆ శిక్షణ వార్డులో ఆచరణకు రావాలంటే ఏమి కావాలన్నది కార్మికోద్యమం అడగవలసిన ప్రశ్న.

ఇది పాశ్చాత్య దేశాలకే పరిమితమైన సమస్య కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ తరఫున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ జరిపిన సర్వే నివేదిక 2019లో వెలువడినది. నల్లమందు, హెరాయిన్ తరగతి మందుల వాడకం వలన చికిత్స అవసరమైన స్థితికి చేరినవారు దేశంలో సుమారు 77 లక్షల మంది అని ఆ నివేదిక అంచనా. వారిలో సగానికి పైగా వున్న కొద్ది రాష్ట్రాలలో పంజాబు, ఉత్తర ప్రదేశ్‌లతోపాటు ఆంధ్ర ప్రదేశ్ కూడా వున్నది. తెలంగాణ పల్లెలలో కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజెపాం వంటి మందులు సైతం గర్భిణి ద్వారా శిశువును చేరి ఇట్టి బాధనే కలిగించగలవు. పొద్దంతా రెక్కలు ముక్కలు చేసుకొని సాయంత్రం కల్లు త్రాగే కూలి స్త్రీకి అందులో ఏమి కలిపినదీ తెలియదు. ఆమె బిడ్డ వణకుతుంటే కారణమెరిగిన నర్సు ప్రక్కన వుండాలి కదా!

శిక్షణలో నేర్పవలసినది ఏమిటి? మొదటిది, గుర్తించడం. రక్తంలో చక్కెర తగ్గినా, కాల్షియం తగ్గినా, క్రిమిదోషం సోకినా శిశువులో ఇట్టి లక్షణాలే కనిపించవచ్చును. రెండవది, కాలం. హెరాయిన్ అయితే మొదటి రోజునే లక్షణాలు బయటపడవచ్చును. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ అయితే రెండు మూడు రోజుల తరువాత గాని తెలియకపోవచ్చును. కాన్పయిన రెండు రోజులకే ఇంటికి పంపే చోట రోగం వార్డు దాటి పోతుంది. మూడవది, జాగ్రత్త. పుట్టగానే ఊపిరి సరిగా తీయని ఇట్టి శిశువుకు నలాక్సోన్ ఇంజక్షను ఇస్తే మూర్ఛలు రావచ్చును. నాలుగవది, సేవ. వెలుతురు, చప్పుడు తగ్గించడం, గుడ్డలో ఒద్దికగా చుట్టడం, తల్లి రొమ్ముపై పరుండబెట్టడం, కొద్ది కొద్దిగా పలుమార్లు పాలు పట్టడం, విరేచనాలతో ఒరిసిన చర్మాన్ని కాపాడడం.

1975లో అమెరికా వైద్యురాలు లొరెట్టా ఫిన్నెగన్ ఇరవైకి పైగా లక్షణాలకు మార్కులు వేసే పట్టికను ప్రకటించినది. దశాబ్దాలుగా ఆ మార్కులను బట్టే మార్ఫిన్ వంటి మందులు ఇస్తూ వచ్చినారు. తరువాత మరొక పద్ధతి వచ్చినది. బిడ్డ తగినంత పాలు త్రాగుతున్నదా, ఒక గంటైనా నిద్రపోతున్నదా, పది నిమిషాలలో ఊరడిల్లుతున్నదా అన్న మూడు ప్రశ్నలే దానికి ఆధారం. అమెరికాలోని 26 ఆసుపత్రులలో సిబ్బందికి శిక్షణనిచ్చి ఈ పద్ధతిని అమలు జరిపి, 1,305 మంది శిశువులను పరిశీలించి, 2023లో ఫలితాలు ప్రకటించినారు. పాత పద్ధతిలో శిశువు ఇంటికి వెళ్ళదగిన స్థితికి రావడానికి సగటున 14.9 రోజులు పట్టగా, కొత్త పద్ధతిలో 8.2 రోజులు పట్టినది. మందు అవసరమైన శిశువులు నూటికి 52 నుండి సుమారు 20కి తగ్గినారు.

ఈ అంకెలలోని అర్థాన్ని యాజమాన్యాలు గ్రహించవలసి వున్నది. ఇక్కడ మొదటి మందు మనిషి చేయి. పది నిమిషాలు బిడ్డను ఎత్తుకొని ఊరడించడానికి ఆ పది నిమిషాలు నర్సుకు వుండాలి. రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్కతె మీద వదిలి, ఆమె చేతికి శిక్షణ పత్రం ఇచ్చి, బిడ్డను ఊరడించలేదని సంజాయిషీ అడగడం అన్యాయం. ఖర్చును సాకుగా చూపేవారికి మా సమాధానం ఒక్కటే: మంచాల రోజులు, మందుల ఖర్చు తగ్గించేది తగిన సిబ్బందే.

తల్లి విషయం మరువరాదు. గర్భిణి చేత మత్తుమందును ఉన్నట్టుండి మాన్పించరాదని, వైద్యుల పర్యవేక్షణలో ప్రత్యామ్నాయ మందు ఇవ్వాలని, సాధ్యమైన చోటల్లా తల్లిపాలు ఇప్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సూచించినది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షను స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరులకు ప్రాసిక్యూషను నుండి రక్షణ కల్పిస్తున్నది. భయపడిన తల్లి నిజం చెప్పదు. నిజం తెలియనిదే నర్సు బిడ్డను కాపాడలేదు. కనుక నర్సును పోలీసు వేగులా వాడుకొనరాదు.

మేము కోరేది ఇది. శిక్షణ డ్యూటీ వేళలలో, పూర్తి వేతనంతో జరగాలి. పర్మినెంటు, కాంట్రాక్టు అన్న భేదం లేకుండా నవజాత శిశు విభాగాలలోని నర్సులందరికీ అందాలి. శిక్షణ పొందినవారిని వెంటనే మరొక వార్డుకు మార్చరాదు. ఖాళీలన్నీ భర్తీ చేయాలి. తల్లి బిడ్డతో కలిసి వుండడానికి మంచం, భోజనం ఏర్పాటు చేయాలి.

నర్సు సోదరీమణుల ఈ కోరికలను ఇతర రంగాల కార్మికులు తమవిగా భావించాలి. ఆ ఆసుపత్రులలో పుట్టేది మన బిడ్డలే. ప్రతి సంఘమూ ఈ విషయాన్ని తన కార్యవర్గ సమావేశంలో చర్చించి, తీర్మానం చేసి, జిల్లా ఆరోగ్యాధికారులకు అందజేయవలసినదిగా విజ్ఞప్తి చేస్తున్నాము.